బ్యాంకు శాఖా, గృహ రుణ సంస్థా?

భీమవరంలోనో అమలాపురంలోనో ఇల్లు కొనేవారు అప్పు కోసం బ్యాంకు శాఖకు వెళ్లవచ్చు, గృహ రుణ సంస్థనూ ఆశ్రయించవచ్చు. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే చర వడ్డీ (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) గృహ రుణాలను రెపో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) వంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టి, కనీసం మూడు నెలలకొకసారి సవరించాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది గనుక, రెపో తగ్గితే ఆ మేలు రుణగ్రహీతకు త్వరగా అందుతుంది. గృహ రుణ సంస్థలకు ఈ నిబంధన వర్తించదు; అవి సాధారణంగా తమ సొంత ఆధార రేటునే పాటిస్తాయి.

అయితే రొయ్యల చెరువు మీదనో కొబ్బరి వ్యాపారం మీదనో బతికే, జీతపు చీటీ లేని కుటుంబం విషయంలో, ఆదాయపు పన్ను రిటర్నులు లేవని బ్యాంకు వెనుకాడే చోట, రాబడిని స్వయంగా అంచనా వేసి అప్పిచ్చే సంస్థలున్నాయి. వడ్డీ మాత్రం తరచుగా ఎక్కువే. రిటర్నులు ఉన్నవారు బ్యాంకునే ఎంచుకోవాలని నా దృఢమైన అభిప్రాయం. లేనివారు సంస్థలో అప్పు తీసుకున్నా, వ్యక్తుల చర వడ్డీ గృహ రుణాలకు ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు కనుక, రిటర్నులు సమకూరాక బ్యాంకుకు మార్చుకోవచ్చు.