చిన్న శాఖలు ఎక్కువా, పెద్ద శాఖలు కొన్నా: ఏది మేలు?

కొత్త ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసిన రోజున అందరూ అడిగేది ఒక్కటే: ఎవరికి ఏ శాఖ దక్కింది? ఏ పని ఏ శాఖ కిందికి వెళ్లిందన్నది పెద్దగా ఎవరికీ పట్టదు. ఫైలు కదిలేదీ, ఇరుక్కునేదీ మాత్రం అక్కడే.

పనిని చిన్న చిన్న శాఖలుగా పంచి ఎక్కువమందికి అప్పగించడం ఒక పద్ధతి. దగ్గర పనులన్నీ కలిపి కొద్దిమంది చేతిలో పెట్టడం ఇంకోటి. స్విట్జర్లాండ్‌లో 1848 నుంచి మంత్రులు ఏడుగురే, శాఖలూ ఏడే. అధ్యక్ష పదవి కూడా ఆ ఏడుగురి మధ్యే ఏడాదికొకరి చొప్పున తిరుగుతుంది. భారత్‌ది మొదటి పద్ధతి. 2003లో 91వ రాజ్యాంగ సవరణ, మంత్రుల సంఖ్య లోక్‌సభ సభ్యుల సంఖ్యలో 15 శాతం దాటకూడదంది. 543కి లెక్కేస్తే 81. ఆ హద్దు మంత్రులకే గానీ శాఖలకు కాదు.

చిన్న శాఖ వల్ల మేలు లేకపోలేదు. పెద్ద శాఖలో ఓ మూలన పడి ఉండే పనికి సొంత మంత్రి, సొంత కార్యదర్శి, బడ్జెట్‌లో సొంత పద్దు వస్తాయి. వ్యవసాయ శాఖలో భాగంగా ఉన్న సహకార రంగాన్ని కేంద్రం 2021లో విడి మంత్రిత్వ శాఖగా చేసింది. సంకీర్ణాల్లోనైతే మిత్రపక్షాలకు కుర్చీలు సర్దడం కూడా ఒక కారణం, దాచేదేముంది!

చిక్కంతా పొలిమేరల దగ్గర. నది ఒకరిది, తాగునీరు మరొకరిది, బోరుకు కరెంటు ఇంకొకరిది, ఆ నీటితో పండే పంట వేరొకరిది. ప్రతిపాదన కేబినెట్ ముందుకు రావాలంటే ముందు దాని నోటు ఈ శాఖలన్నీ తిరగాలి. ఒక్కొక్కరి అభిప్రాయం, దానికి మూలశాఖ జవాబు, ఆపై ఆర్థిక శాఖ కొర్రీ. తీరా పని చెడితే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

మరి కలిపేస్తే? జపాన్ 2001లో ప్రధాని కార్యాలయం, 22 శాఖలు ఉన్న వ్యవస్థను కేబినెట్ కార్యాలయం, 12 శాఖలకు కుదించింది. భారత్‌లో జలవనరుల శాఖ, తాగునీటి శాఖ కలిసి 2019లో జల్‌శక్తి అయ్యాయి. అయినా లోపల విభాగాలు రెండు, కార్యదర్శులూ ఇద్దరే. తగువు పోలేదు, ఇంట్లోకి వచ్చింది. కాకపోతే తీర్చడానికి పైన ఒకే మంత్రి ఉన్నారు, అదే లాభం.

నష్టం ఎలా ఉంటుందో అమెరికా చూసింది. అక్కడ 22 సంస్థలను కలిపి 2003లో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖను నడిపించడం మొదలెట్టారు. అప్పటిదాకా స్వతంత్రంగా ఉన్న విపత్తుల సంస్థ ఫెమా అందులో ఒక భాగమైపోయింది. కొత్త శాఖ ధ్యాసంతా ఉగ్రవాదం మీదే. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు ఫెమా తడబడింది. విలీనంలో దాని పట్టు సడలిందన్న విమర్శలు వచ్చాయి. మరుసటి ఏడాది చట్టం చేసి, అదే శాఖలో ఉంచుతూనే దానికి కొంత స్వతంత్రత, హోదా తిరిగిచ్చారు.

అందుకే నా లెక్క అంకెలతో కాదు. ఒకే వనరును పంచుకునే పనులైతే కలపాలి, నీళ్లలా. ఒకరు 'వద్దు' అంటేనే రెండోవారు ఆగాల్సిన పనులైతే విడిగానే ఉండాలి. గనులనూ పర్యావరణాన్నీ ఒకే మంత్రికి ఇస్తే, అభ్యంతరం కేబినెట్ దాకా రాకుండానే ఆ భవనంలో సద్దుమణుగుతుంది.

రవాణా దగ్గర మాత్రం నా సూత్రం తడబడుతుంది. భారత్‌లో రైళ్లు, రోడ్లు, ఓడరేవులు, విమానాలు నాలుగు శాఖలవి. రేవులో దిగిన సరుకు రైలెక్కాలంటే ఇద్దరు మంత్రుల పరిధి దాటాలి. కలపాలనే అనిపిస్తుంది. కానీ 2017 నుంచి రైల్వే బడ్జెట్‌ను సాధారణ బడ్జెట్‌లో కలిపినా, రైల్వే శాఖ జోలికి ఎవరూ వెళ్లలేదు. లక్షలమంది ఉద్యోగులున్న రైల్వేతో పాటు రోడ్లు కూడా నెత్తిన పెడితే, ఆ మంత్రి రోడ్ల ఫైలు ఎప్పుడు తెరుస్తారు?