ల్యాప్‌టాప్ శబ్దం సమస్యలు: అమలాపురం గడియార స్తంభం దగ్గరి మరమ్మతు దుకాణంపై నా సమీక్ష

అమలాపురం గడియార స్తంభం సెంటరుకు దగ్గరలో, మేడ మీద ఒకే గదిలో నడుస్తున్న ఈ ల్యాప్‌టాప్ మరమ్మతు దుకాణానికి నేను ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందే లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉందా, యంత్ర భాగాల్లో ఉందా అన్నది ఇక్కడ తేల్చుకుంటారు. ఆ నాలుగు నక్షత్రాలూ ప్రధానంగా ఆ పద్ధతికే.

మా ఊరు అల్లవరం మండలంలో సముద్రానికి దగ్గరగా ఉంటుంది. నేను ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్పుతాను. కొంతకాలంగా కుడి స్పీకరు గరగరలాడుతూ ఉండగా, ఒకనాడు రెండు స్పీకర్లూ పూర్తిగా మూగబోయాయి. వైరు హెడ్‌ఫోన్ పెడితే ఎడమ చెవిలో మాత్రమే వినిపించేది. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో పాఠం మొదలుపెడితే తంబూర నాదం పాత ల్యాండ్‌లైన్ ఫోనులో విన్నట్టు పలచబడిపోయేది. వేరొక ఊళ్లోని ఒక సర్వీసు సెంటరు వారు కనీసం మూత కూడా తీయకుండానే మదర్‌బోర్డు మార్చాలని చెప్పి, కొత్త ల్యాప్‌టాప్ ధరలో సగానికి దగ్గరగా అంచనా చేతిలో పెట్టారు.

ఈ దుకాణంలోని కుర్రాడు మొదట చూసింది తెర కింది మూలనున్న శబ్దం గుర్తును. సాకెట్టులో ఏమీ గుచ్చకపోయినా అక్కడ హెడ్‌ఫోన్స్ అనే చూపిస్తోంది. ఆ తరువాత ఒక పెన్‌డ్రైవ్ నుంచి విండోస్‌కు బదులుగా వాడే ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపించి, విండోస్‌తో సంబంధం లేకుండా మళ్లీ పరీక్షించాడు. అక్కడా అదే తీరు కనబడడంతో, విండోస్‌లో శబ్దాన్ని నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్‌ను తీసి వేసుకుంటూ కూర్చోవలసిన అవసరం లేదని తేలిపోయింది. టార్చి వేసి సాకెట్టులోకి చూసి, "ఆయ్, బోర్డుకేం అవ్వలేదండి మేడమ్‌గారూ, లోపల స్విచ్చి ఇరుక్కుపోయిందంతేనండి" అన్నాడు.

ఆ స్విచ్చి ఏమిటో కూడా ఓపికగా చూపించాడు. 3.5 మిల్లీమీటర్ల సాకెట్టు లోపల, హెడ్‌ఫోన్ పిన్ను దూరినప్పుడు పక్కకు జరిగే ఒక సన్నని లోహపు రేకు ఉంటుంది. అది జరిగిందంటే హెడ్‌ఫోన్ పెట్టారని గ్రహించి ల్యాప్‌టాప్ స్పీకర్లను ఆపేస్తుంది. ఉప్పుగాలికీ తేమకూ నా సాకెట్టులో ఆకుపచ్చని చిలుము పట్టి, పిన్ను తీసేసినా ఆ రేకు వెనక్కి రావడం మానేసింది. కుడి చెవికి శబ్దాన్ని అందించే రేకు మీద కూడా అదే చిలుము ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక రెండు చెవులకూ శబ్దం వచ్చింది గాని, స్విచ్చి రేకులో స్ప్రింగు గుణం పోవడంతో సాకెట్టు మార్చక తప్పలేదు. నా ల్యాప్‌టాప్‌లో అది యూఎస్‌బీ పోర్టుతో కలిపి ఒక చిన్న పక్కబోర్డు మీద ఉండి, పట్టీలాంటి కేబులుతో మదర్‌బోర్డుకు కలుస్తుంది కనుక పని సులువుగా, చవకగా తెమిలింది. కొన్ని మోడళ్లలో సాకెట్టు మదర్‌బోర్డు మీదే ఉంటుంది. అప్పుడు టంకం పని పడుతుంది గాని, అంతమాత్రాన బోర్డంతా మార్చనక్కర్లేదు.

శబ్దం తిరిగి వచ్చాక కుడి స్పీకరు గరగర అలాగే ఉంది. మల్టీమీటరుతో కొలిస్తే రెండు స్పీకర్లూ 4 ఓములకు దగ్గరగానే చూపించాయి కనుక లోపలి తీగచుట్ట, అంటే కాయిలు, బాగానే ఉందని, పైపొర చిరిగిందని తేల్చాడు. శబ్దాన్ని నూరు శాతానికి మించి పెంచే సాఫ్ట్‌వేర్ వాడితే చిన్న స్పీకర్ల పైపొర దెబ్బతినవచ్చట. జత మార్చాడు. అసలు కంపెనీ స్పీకర్లు దొరకక బయటి రకం వేయడం వల్ల మంద్ర పంచమం, అంటే కింది స్థాయిలోని ప స్వరం, ఇదివరకటి కంటే పలచగా వినిపిస్తోంది. సంగీతం వారికి ఇది చిన్న లోపం కాదు.

బ్లూటూత్ విషయంలో మరమ్మతే అవసరం పడలేదు. హెడ్‌సెట్ మైకును కూడా వాడుకోవడం మొదలుపెట్టగానే ల్యాప్‌టాప్ స్టీరియో పద్ధతి వదిలి ఫోన్ కాల్ పద్ధతికి మారుతుందని, అందుకే నాదం నలిగిపోతోందని చెప్పి, మైకుగా ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్నే ఎంపిక చేశాడు. అంతటితో ఆగకుండా జూమ్ తెరిచి, తంబూరను ఫ్యాను చప్పుడుగా భావించి తొలగించే ఏర్పాటును ఆపి, ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ అనే దాన్ని ఆన్ చేశాడు. ఈ రెండింటికీ డబ్బు తీసుకోలేదు. పాఠానికి వైరు హెడ్‌ఫోనే మేలని, బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కనుక తాళం పట్టడం కష్టమని కూడా చెప్పాడు. నిజానికి ఆ మాట హెడ్‌సెట్ కొన్ననాడు అమ్మినవారు చెప్పవలసింది.

దుకాణానికి వెళ్లే ముందు మ్యూట్ మీటను, శబ్దం బయటికి వచ్చే పరికరంగా ఏది ఎంపికై ఉందో దానిని ఇంట్లోనే చూసుకోవడం మంచిది. హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపి ఉంచితే శబ్దం టీవీకి వెళ్లిపోవడం మామూలే. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ అయితే మాత్రం కంపెనీ వారి దగ్గరికే వెళ్లండి. బయట మూత విప్పిస్తే తరువాత పేచీ రావచ్చు.

ఇక ఐదో నక్షత్రం ఎందుకు ఇవ్వలేదంటే, సాయంత్రానికి ఇస్తానన్న ల్యాప్‌టాప్ మర్నాటికి గాని చేతికి రాలేదు, మధ్యలో ఫోను చేస్తే ఎత్తేవారు లేరు. బిల్లు కూడా అడిగితేనే, అదీ తెల్ల కాగితం మీద రాసి ఇచ్చారు. పాత సాకెట్టును, స్పీకర్లను మాత్రం అడగకుండానే కవరులో వేసి తిరిగి ఇచ్చారు. మీరు వెళితే మార్చిన భాగం పేరు, తేదీ, ఎన్నాళ్ల పూచీ అన్నవి ఆ కాగితం మీద రాయించుకుని, దుకాణం ముద్ర కూడా వేయించుకోండి.