పట్టు పట్టే చేతులకు యూరియా క్రీము, పెట్రోలియం జెల్లీ: ఐదు చలికాలాల అనుభవం

చౌటుప్పల్ ప్రాంతంలో ఇక్కత్ నేసే ఇంటి కోడలిని కావడం వల్ల చేతుల పగుళ్లు నాకు అందానికి సంబంధించిన చింతగా ఎన్నడూ తోచలేదు. చూపుడువేలి కొన మీద ఆవగింజంత గరుకు ఉన్నా పట్టుపోగు దానికి తట్టుకుంటుంది, లాగితే నూగు లేస్తుంది, ఆ నూగు నేతలో కనిపిస్తుంది. అందుకే ఏ క్రీమునైనా నేను ఒక్క పరీక్షతోనే కొలుస్తాను: రాత్రి రాసుకుని పడుకుంటే, తెల్లవారి పట్టుపోగు వేలి మీదుగా తట్టుకోకుండా జారాలి, పోగుకు జిడ్డు అంటకూడదు. ఈ రెండూ ఒక్కచోట కుదరడానికి నాకు ఐదు చలికాలాలు పట్టింది. చివరికి మిగిలినవి రెండు వస్తువులు. ఒకటి మందుల దుకాణంలో దొరికే 10 శాతం యూరియా క్రీము, రెండోది కిరాణా కొట్టులో దొరికే మామూలు పెట్రోలియం జెల్లీ.

మొదట వాడి వదిలేసిన వాటి సంగతి క్లుప్తంగా చెబుతాను. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కన్నా చల్లబడితే గడ్డకడుతుంది కనుక, మార్గశిరం వచ్చేసరికి ప్రతి రాత్రీ సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టవలసి వచ్చేది. రాసుకున్న గంటకే చేయి మళ్లీ పొడిబారేది. ఆముదం అంతకన్నా చిక్కనిదే, మా జిల్లాలో ఒకప్పుడు ఆముదపు పంటకూ కొదవ ఉండేది కాదు, మా అత్తమ్మ ఇప్పటికీ దానినే నమ్ముతుంది, కానీ ఆ బంక సబ్బుతో రెండుసార్లు కడిగినా పోదు. నీళ్లలా పలుచగా ఉండే సువాసనల లోషన్ల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, ఒక్కటే తప్ప: పగిలిన చోట ఆ సువాసన ద్రవ్యాలు మండుతాయి.

మా చేతులు ఇంతగా పగలడానికి చలి ఒక్కటే కారణమని చాలాకాలం అనుకున్నాను. చల్లని గాలి నీటి ఆవిరిని తక్కువగా నిలుపుకుంటుందనేది నిజమే, ఆ పొడిగాలి చర్మంలోని తేమను లాగేస్తుందనేదీ నిజమే. అయితే అరచేతుల్లో అసలు నూనె గ్రంథులే ఉండవన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ముఖానికి, వీపుకు ఉండే సహజమైన జిడ్డు అరచేతికి లేదు. దాని మీద మా పని ఒకటి తోడవుతుంది. ముడి పట్టులోని జిగురు పోవడానికి సబ్బు, సోడా వేసిన నీళ్లలో దానిని ఉడకబెట్టి జాడిస్తాము. పట్టు జిగురును విడదీసే ఆ క్షారపు నీరే చర్మం పైపొరలోని కొవ్వునూ కడిగేస్తుంది. బోరు నీళ్లు కఠినమైనవైతే సబ్బు నురగ రాదు, నురగ రాలేదని మరింత సబ్బు రుద్దుతాము, చేయి మరింత పగులుతుంది. చింతకింది మల్లేశం గారు కనిపెట్టిన ఆసు యంత్రం వచ్చిన తరువాత ఆసు పోసే శ్రమ, అంటే పోగును మేకుల చట్రం మీద అటూ ఇటూ తిప్పే శ్రమ, చేతికి తప్పింది గానీ, చిటికి కట్టడం, అంటే రంగు పట్టకూడని చోట పోగులను బిగించి కట్టడం, ఇప్పటికీ వేళ్ల పనే. రబ్బరు పీలికను బిగించి లాగే ప్రతిసారీ బొటనవేలి పక్కనున్న పగులు మళ్లీ నోరు తెరుస్తుంది.

ఇక పెట్రోలియం జెల్లీ. 1872లో అమెరికాలో రాబర్ట్ చీజ్‌బ్రో దీనికి పేటెంటు పొందాడు. నూట యాభై ఏళ్లు దాటినా దీని పని తీరు ఒక్కటే: ఇది చర్మానికి నీటిని ఇవ్వదు, ఉన్న నీటిని పోనివ్వకుండా పైన మూత వేస్తుంది. మొదటి చలికాలమంతా పొడిచేతికి రాసుకుని ఫలితం లేదని తిట్టుకున్నది నా తెలియనితనమే. ఖాళీ కుండకు మూత పెడితే నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? మరుసటి ఏడు నుంచి చేతులు గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, గుడ్డతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే, అంటే రెండు మూడు నిమిషాల లోపలే, శనగగింజంత జెల్లీని రెండు చేతులకూ రాయడం మొదలుపెట్టాను. పది రోజులకు పగుళ్ల అంచులు మెత్తబడ్డాయి.

అదే ఏడు ఒక పొరపాటు జరిగింది. రాత్రి రాసుకున్న చేతులను ఉదయం నీళ్లతో మాత్రమే కడుక్కుని, రంగు వేయవలసిన పట్టుకు చిటికి కట్టాను. రంగు తొట్టి నుంచి తీసి చూస్తే, కట్టు లేని చోట కూడా అక్కడక్కడా తెల్లని మచ్చలు మిగిలాయి. వేలి జిడ్డు అంటిన చోట రంగునీరు లోపలికి దిగలేదు, అంటే నేను కట్టని చిటికిని జెల్లీ కట్టింది. పుట్టపాక ఊళ్లో నేసే తేలియా రుమాళ్ల నూలుకు నూనె పట్టించడం లేదా అని ఎవరైనా అడగవచ్చు. అక్కడ నూనెను ఆముదపు కాయల బూడిద నీళ్లతో కలిపి, రోజుల తరబడి నానబెట్టి, ఉతికి ఆరబెడతారు. రంగు పట్టడానికి చేసే ఆ పనికీ నా జిడ్డు వేలి ముద్రకూ పోలిక లేదు. అప్పటి నుంచి ఉదయం చెంచాడు శనగపిండితో చేతులు రుద్ది కడుగుతున్నాను. పిండి జిడ్డును పీల్చుకుంటుంది, సబ్బులా చేతిని బిగదీయదు.

జెల్లీతో పగుళ్లు మానాయి గానీ వేలి కొనల గరుకు పోలేదు. ఆ పని యూరియా క్రీము చేసింది. నల్లగొండలో ఒక చర్మ వైద్యుడు మూడో చలికాలంలో దీనిని రాసిచ్చారు. డబ్బా మీద పేరు చదివించుకున్న మా అత్తమ్మ, “ఏందే పిల్లా, పొలానికి ఏసే యూరియా చేతులకు రాస్తున్నవా?” అని నవ్వింది. పదార్థం ఒక్కటే అయినా శుద్ధి వేరు, మోతాదు వేరు, కనుక బస్తాలోని గుళికలను నీళ్లలో కలిపి ప్రయత్నించాలనే ఆలోచన ఎవరూ చేయకూడదు. యూరియా మన చర్మంలో సహజంగానే ఉంటుంది, తేమను పట్టి ఉంచుతుంది. 10 శాతం దగ్గర అది చర్మాన్ని ముఖ్యంగా తేమగా ఉంచుతుంది, శాతం పెరిగే కొద్దీ మందమైన చర్మాన్ని కరిగించే గుణం పెరుగుతుంది, అందుకే మడమలకు ఇంకా ఎక్కువ శాతం ఉన్నది ఇస్తారు. నేను ఒకసారి తొందరపడి మడమల క్రీమును వేళ్లకు రాసి, లేత చర్మం బయటపడి నాలుగు రోజులు పని మానుకున్నాను.

దీని లోపం మంట. తెరుచుకున్న పగులులో పడితే రెండు మూడు నిమిషాలు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కనుక లోతైన పగుళ్లు ఉన్న వారం జెల్లీ మాత్రమే వాడి, అవి మూసుకున్న తరువాత యూరియాకు మారుతాను. ఇప్పటి నా పద్ధతి ఇది: పగలు, భోజనం తరువాత విరామంలో యూరియా క్రీము పలుచగా రాస్తాను, అది అరగంటలో ఇంకిపోతుంది, అయినా పట్టు ముట్టుకునే ముందు ఒకసారి కడుగుతాను. రాత్రి తడి చేతికి జెల్లీ రాసి, పాత నూలు పంచె గుడ్డతో కుట్టుకున్న చేతి తొడుగులు వేసుకుంటాను. ఈ తొడుగులు లేకపోతే జెల్లీలో సగం దుప్పటికే పోతుంది. జెల్లీ నిండిన గుడ్డ త్వరగా అంటుకుంటుంది కాబట్టి వాటితో పొయ్యి దగ్గరికి, చలిమంట దగ్గరికి వెళ్లను. ఈ హెచ్చరిక నేను కొన్న ఏ డబ్బా మీదా పెద్ద అక్షరాలతో కనిపించలేదు.

సోడా నీళ్ల పనికీ రంగుల పనికీ లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు వేసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే రెండు క్రీములూ కలిసి చేసిన మేలు కన్నా ఇది చేసిన మేలు ఎక్కువేమో.

మా వాడలో ఒకావిడ ఇదే బాధకు వైద్యుని అడగకుండా స్టెరాయిడ్ కలిసిన మలాము తెచ్చుకుని నెలల తరబడి రాసింది. మొదటి వారం చేతులు అద్దంలా మెరిశాయి, తరువాత చర్మం పలుచబడి, ముట్టుకుంటేనే చిట్లడం మొదలైంది. దురద, నీటిపొక్కులు, వేళ్ల సందుల్లో ఎరుపు ఉంటే అది చలి పగులు కాకపోవచ్చు. అలాంటి చేతికి ఈ సమీక్షలోని ఏదీ సరిపోదు, వైద్యునికి చూపించాలి.

ఖర్చు విషయానికి వస్తే, యూరియా క్రీము ధర జెల్లీకి కొన్ని రెట్లు. నేను వేలి కొనలకు మాత్రమే వాడతాను కనుక ఒక చిన్న గొట్టం దీపావళి నుంచి సంక్రాంతి దాటేవరకు వస్తుంది. రెండింటిలో ఒక్కటే కొనగలిగితే జెల్లీయే కొనమంటాను. పట్టు పని లేని చేతికి అది చాలు. కుడి బొటనవేలి గోరు పక్కన, రబ్బరు పీలిక ఒరుసుకునే చోట మాత్రం ప్రతి పుష్యంలోనూ ఒక పగులు వస్తూనే ఉంది. దానికి ఈ రెండూ పనిచేయలేదు, కాగితపు ప్లాస్టరు చుట్టుకుని చిటికి కట్టడానికి కూర్చుంటున్నాను.