కంపెనీ స్టీరియో తీయకుండానే యాంప్లిఫైయర్ పెట్టించాను, రెండుసార్లు

నాది 2019 మోడల్ హ్యాచ్‌బ్యాక్. కారుతో వచ్చిన టచ్‌స్క్రీన్ స్టీరియోని తీసేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీద బటన్లు, డోర్ లాక్ సెట్టింగులు అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. కానీ పాటలు వినాలంటే మాత్రం ఏడుపొచ్చేది. హైవే ఎక్కి 80 దాటితే టైర్ల మోతలో మృదంగం మునిగిపోతుంది, వాల్యూమ్ పెంచితే పాడేవాళ్ళ గొంతు పగిలిపోతుంది. నాలుగేళ్ళు అలాగే నెట్టుకొచ్చి చివరికి యాంప్ (స్టీరియో సిగ్నల్ బలం పెంచి స్పీకర్లకి ఇచ్చే యాంప్లిఫైయర్) పెట్టించాను. మొదటిసారి పని చెడింది, రెండోసారి చక్కగా కుదిరింది. రెండుసార్లూ యాంప్ ఒక్కటే. అందుకే ఈ రివ్యూలో యాంప్ గురించి కంటే బిగించిన పని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చెప్పాలి. చాలా కార్ స్టీరియోల మీద "45 వాట్స్ x 4" లాంటి అంకె ఉంటుంది. అది నమ్మి "ఇంకా యాంప్ ఎందుకు" అనుకునేవాళ్ళు చాలామంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. స్టీరియో లోపలి చిప్‌కి ఈ వోల్టేజే తప్ప వేరే ఆధారం లేదు. దాన్నంతా వాడుకున్నా 4 ఓమ్‌ల నిరోధం ఉన్న స్పీకర్‌కి శుభ్రంగా అందేది లెక్క ప్రకారం 26 వాట్లు, నిజంగా చేతికొచ్చేది 15 నుంచి 20 మధ్య. 45 అనేది సౌండ్ పూర్తిగా పగిలిపోయాక వచ్చే అంకె. విడి యాంప్ లోపల ఈ వోల్టేజీని పెంచే సర్క్యూట్ ఉంటుంది కాబట్టి అదే స్పీకర్‌కి 50 వాట్లు పగలకుండా ఇవ్వగలదు. యాంప్‌కి పెట్టే డబ్బంతా దీనికోసమే.

నేను కొన్నది నాలుగు ఛానెళ్ళ (అంటే నాలుగు స్పీకర్లకి విడివిడిగా ఇచ్చే) క్లాస్-డి రకం యాంప్, ఛానెల్‌కి 50 వాట్స్ ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా నిలకడగా ఇవ్వగలిగే పవర్. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన 1000 వాట్స్‌ని పట్టించుకోకండి, లోపలి కాగితంలో ఆర్ఎంఎస్ అని ఎంత రాశారో అదొక్కటే చూడండి. క్లాస్-డి ఎంచుకున్నది వేడి తక్కువని. మే నెలలో విజయవాడలో ఎండలో ఆపిన కారులో సీటు కింద పరిస్థితి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పాతరకం క్లాస్-ఏబీ అయితే తీసుకున్న కరెంటులో దాదాపు సగం వేడిగానే పోతుంది.

మొదటిసారి ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక యాక్సెసరీస్ షాపులో ఇచ్చాను. గంటన్నరలో అయిపోయింది సార్ అన్నారు. ఆ గంటన్నరలో ఏం చేశారంటే, స్టీరియో వెనక వైర్లు కోసి, మెలిపెట్టి, టేప్ చుట్టి, స్పీకర్ సిగ్నల్‌ని యాంప్‌కి సరిపోయేలా తగ్గించే ఒక చౌక కన్వర్టర్ తగిలించారు. అక్కడి నుంచి సిగ్నల్ కేబుల్‌ని, బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ వైరుని ఒకే కట్టగా కట్టి ఒకే పక్క నుంచి తెచ్చారు. మెయిన్ వైర్ చూడ్డానికి లావుగానే ఉంది, కోసి చూస్తే లోపల అల్యూమినియం, పైన రాగి పూత, అసలు రాగి అంత కరెంటు మోయదు. బానెట్ వైపు నుంచి లోపలికి వచ్చే చోట రబ్బర్ కూడా లేకుండా ఉత్త ఇనప రేకు అంచుకి ఆనించి లాగారు, బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ లేదు. నాకు భయం వేసింది ఇక్కడే, కానీ ఇది తెలిసింది చాలా ఆలస్యంగా. రోజూ ఆ అంచుకి రాసుకుని రాసుకుని పైన తొడుగు తెగితే బ్యాటరీ కరెంటు నేరుగా బాడీకి తగులుతుంది, మధ్యలో ఆపడానికి ఏమీ ఉండదు. కార్లలో మంటలు లేచే కారణాల్లో ఇలాంటి పనులూ ఒకటి.

వినడానికి ఎలా ఉందంటే, మొదటి రెండు రోజులు బ్రహ్మాండం అనిపించింది. తర్వాత గమనిస్తే పాటకీ పాటకీ మధ్య సన్నగా ఒక కూత, రేస్ ఇచ్చిన కొద్దీ అది కూడా పైకి లేస్తోంది. పదో రోజు ముందు ఎడమ స్పీకర్ గరగరమంది. మూడో వారం ఒక పొద్దున సెల్ఫ్ కొడితే కారు లేవలేదు, బ్యాటరీ డౌన్. పిల్లని స్కూల్లో దించాల్సిన టైమ్‌కి ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. షాపుకి వెళ్తే బ్యాటరీ పాతదైపోయింది, మార్చండి అన్నారు.

అప్పుడు ఆటోనగర్ వెళ్ళాను. తెలిసిన లారీ డ్రైవర్ ఒకాయన చెప్పిన ఎలక్ట్రీషియన్, చిన్న షెడ్డు, బోర్డు కూడా సరిగ్గా లేదు. అన్నా, యాంప్ మారుద్దామా అని అడిగితే, ఆయన యాంప్ వైపు చూడనే లేదు. మల్టీమీటర్ తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస యాంప్ ఎర్త్‌కి పెట్టి పాట పెట్టమన్నారు. 0.8 వోల్టులు చూపించింది. అక్కడ దాదాపు సున్నా ఉండాలి సార్, మీ ఎర్త్ బాలేదు అన్నారు. ముందు షాపువాళ్ళు సీటు బోల్ట్‌కి, పెయింట్ మీదే ఎర్త్ బిగించేశారు. ఆయన ఆ చోట పెయింట్ గీకి, రేకు మెరిసేదాకా రుద్ది, లగ్ వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశారు. మీటర్ 0.05కి దిగింది, కూత సగం తగ్గింది. కన్వర్టర్ పీకేసి, యాంప్‌కి ఉన్న హై-లెవెల్ కప్లర్‌కే (స్పీకర్ సిగ్నల్‌ని నేరుగా తీసుకునే ప్లగ్) స్టీరియో స్పీకర్ వైర్లు నేరుగా ఇచ్చాక మిగతా సగం కూడా పోయింది.

బ్యాటరీ ఎందుకు దిగిందో కూడా ఆయనే చూపించారు. యాంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరుని ముందు షాపువాళ్ళు ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి కలిపేశారు, అంటే రాత్రంతా యాంప్ ఆన్‌లోనే ఉండేది. అసలు నా యాంప్‌కి ఆ వైరే అక్కర్లేదట. స్టీరియో ఆన్ అయితే స్పీకర్ వైర్లలో పాట లేకపోయినా సుమారు 6 వోల్టులు ఉంటుంది, యాంప్ మీద చిన్న స్విచ్ "ఆటో"లో పెడితే అది చూసుకుని తనే లేస్తుంది, తనే పడుకుంటుంది. డబ్బాలో వచ్చిన కాగితంలో ఇది రాసే ఉంది.

మెయిన్ వైరు మొత్తం మార్చారు. 8 గేజ్ అసలు రాగి, బ్యాటరీకి జానెడు దూరంలో 30 ఆంపియర్ల ఫ్యూజ్, రేకులోంచి వచ్చే చోట రబ్బర్ గ్రామెట్ (వైరు అంచుకి రాసుకోకుండా కాపాడే రింగు). కోసిన వైర్లని సోల్డర్ చేసి స్లీవ్ తొడిగారు. ముందే తనని అడిగి ఉంటే, నా కారు మోడల్‌కి సరిపోయే కప్లర్ హార్నెస్ (రెండు చివరలా ప్లగ్గులున్న వైర్ల కట్ట) దొరికేది, ఒక్క వైరు కూడా కోయాల్సిన పని ఉండేది కాదు అన్నారు. వారంటీ ఇంకా ఉన్నవాళ్ళు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఇంకొకటి, ఇన్సూరెన్స్. ఇలా బయట పెట్టించిన ఎలక్ట్రికల్ ఫిట్టింగుల విలువ పాలసీలో విడిగా చూపించి, దాని మీద అదనపు ప్రీమియం కట్టుకోవచ్చు. నేను రెన్యువల్ అప్పుడు చూపించాను.

ఇక గెయిన్. ఇది వాల్యూమ్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే నాబ్. షాపువాళ్ళు దాన్ని చివరిదాకా తిప్పేశారు, నా ఎడమ స్పీకర్ పోయింది అందుకే. ఆటోనగర్ ఆయన ముందు స్టీరియోకి పరీక్ష పెట్టారు. ఫోన్‌లోంచి 60 హెర్ట్జ్ టోన్ (లోతైన బేస్ శబ్దం) ప్లే చేస్తూ ఒక్కో వాల్యూమ్ దగ్గర వోల్టేజ్ చూశారు. 25 దాటాక బేస్ పెరగడం ఆగిపోయింది. చిన్న స్పీకర్లు పాడవకుండా కొన్ని కంపెనీ స్టీరియోలు పై వాల్యూమ్‌లో బేస్‌ని కావాలనే తగ్గిస్తాయి, యాంప్ పెట్టినా అది మారదు, ఎందుకంటే తగ్గించిన సిగ్నలే యాంప్‌కి వస్తుంది. కాబట్టి 25నే పైహద్దుగా పెట్టుకుని, స్పీకర్ వైర్లు విప్పి, 1000 హెర్ట్జ్ టోన్ మీద గెయిన్ తిప్పుతూ ముందు ఛానెళ్ళని 14 వోల్టులకి, వెనక ఛానెళ్ళని 9 వోల్టులకి తెచ్చారు. 14ని 14తో గుణించి 4 ఓమ్‌లతో భాగిస్తే 49 వాట్లు, వెనక ఉన్న కంపెనీ స్పీకర్లకి 20. ముందు డోర్లకి ఆరున్నర అంగుళాల కొత్త కాంపొనెంట్ జత (పెద్ద స్పీకర్, చిన్న ట్వీటర్ విడివిడిగా ఉండే సెట్) వేయించాను. 80 హెర్ట్జ్ కింద సౌండ్ డోర్లకి వెళ్ళకుండా ఫిల్టర్ పెట్టారు. సబ్‌వూఫర్ (బేస్ కోసమే పెట్టే పెద్ద స్పీకర్) వద్దన్నాను, డిక్కీలో సామాను చోటు నాకు ముఖ్యం.

ఆ వారమే హైదరాబాద్ వెళ్ళాం. నందిగామ దాటాక 90లో వెళ్తుంటే వాల్యూమ్ 18 దగ్గరే సరిపోయింది, అంతకుముందు 30 పెట్టినా చాలేది కాదు. సౌండ్ పెద్దదవడం కంటే నాకు నచ్చింది వేరే. పాత పాటల్లో వీణ మీట్లు విడివిడిగా తెలుస్తున్నాయి, అమ్మ వెనక సీట్లో కూర్చుని మాటలు అర్థమవుతున్నాయిరా అంది. అంతకుముందు తలనొప్పిగా ఉంది ఆపెయ్ అనేది.

ఖర్చు: యాంప్ 9,500, ముందు స్పీకర్లు 5,800, వైర్, ఫ్యూజ్, గ్రామెట్ కలిపి 2,600, ఆయన కూలి 2,000, పని పట్టింది ఒక పూట. మొదటి షాపులో పోయినవి లెక్కలో వేయలేదు. ఆయన పనికి నేను అయిదుకి అయిదు ఇస్తాను, యాంప్‌కి నాలుగు, నాబ్‌ల మీద అంకెలు సరిగ్గా కనపడవు కాబట్టి. కారుతోనే విడి యాంప్, ఖరీదైన బ్రాండెడ్ సిస్టమ్ వచ్చినవాళ్ళు మాత్రం ఇలా చేయించకండి. అక్కడ ఒక్కో స్పీకర్‌కి సౌండ్ ముందే విడగొట్టి పంపుతారు, వాటిని కలపడానికి డీఎస్పీ (సౌండ్‌ని డిజిటల్‌గా సరిచేసే పరికరం) కావాలి, ఖర్చు చాలా పెరుగుతుంది.

ఒక్క ఇబ్బంది మిగిలింది. నా కారులో రివర్స్ సెన్సర్ బీప్ కూడా ముందు స్పీకర్ల నుంచే వస్తుంది, ఇప్పుడు అదీ యాంప్ గుండానే వెళ్తుంది కాబట్టి రాత్రిపూట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మరీ గట్టిగా మోగేది. స్టీరియో సెట్టింగుల్లో బీప్ వాల్యూమ్ విడిగా ఉంది, దాన్ని 2కి దించాను.