సర్వీసెస్ విండో, ఈవెంట్ వ్యూయర్: ఏళ్ల తరబడి వాడాక

రెండూ విండోస్‌తోనే వస్తాయి, పైసా ఖర్చు లేదు. సర్వీసులంటే తెర వెనుక వాటంతటవే నడిచే ప్రోగ్రాములు. మొదటిది వాటి జాబితా, రెండోది కంప్యూటర్‌లో ఏం జరిగిందో రాసుకునే చిట్టా. సర్వీసెస్ విండో చూడటానికి చక్కగా ఉంటుంది కానీ అసలు సంగతి చెప్పదు. ఈవెంట్ వ్యూయర్‌ని చూస్తే భయమేస్తుంది, కానీ అడిగితే అన్నీ చెబుతుంది. నా ఓటు రెండోదానికే.

నేను చూసేవి ఎక్కువగా షాపుల్లో బిల్లింగ్ కంప్యూటర్లు. ఆన్ చేయగానే బిల్లింగ్ ప్రోగ్రామ్ డేటాబేస్ దొరకలేదంటుంది. సర్వీసెస్ విండోలో ఆ డేటాబేస్ ఎదురుగా 'ఆటోమేటిక్' అనే ఉంటుంది, 'రన్నింగ్' అన్న మాట మాత్రం ఉండదు. రైట్ క్లిక్ చేసి స్టార్ట్ కొడితే బుద్ధిగా లేస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. చేత్తో కొడితే లేస్తోందంటే ఫైళ్లు చాలావరకు బాగానే ఉన్నట్టు, బూట్ అయ్యేటప్పుడే ఏదో అడ్డం పడుతోంది. వెంటనే రీఇన్‌స్టాల్‌కి దిగక్కర్లేదు.

ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిచి, ఫిల్టర్‌లో 'సర్వీస్ కంట్రోల్ మేనేజర్' ఒక్కటే టిక్ పెట్టండి. ఫిల్టర్ లేకుండా చూస్తే మెషీన్ పని అయిపోయిందనే టెన్షన్ తప్పదు. ఒక్కో సంఘటనకి ఒక ఈవెంట్ నంబరు ఉంటుంది. 10016 లాంటివి కనిపించినా మామూలుగా పట్టించుకోనక్కర్లేదు. కొత్తవి పైన ఉంటాయి కాబట్టి కిందినుంచి పైకి చదవాలి. 7001 ఉంటే ఈ సర్వీసు తప్పేమీ లేదు, ఇది ఆధారపడ్డ ఇంకో సర్వీసు లేవలేదు. అసలు దొంగ అదే. 7009 అంటే 30000 మిల్లీసెకండ్లు, అంటే అర నిమిషం ఎదురుచూసినా సర్వీసు పలకలేదని. దాని వెంటే 7000, అంటే సర్వీసు లేవలేదన్న మాట, ఉంటుంది. పాత హార్డ్ డిస్క్ మెషీన్లలో యాంటీవైరస్, అప్‌డేట్లు, డేటాబేస్ అన్నీ ఒక్కసారిగా డిస్క్ మీద పడటమే దీనికి ఎక్కువగా కారణం.

దానికి అందరూ చెప్పే మందు 'డిలేయ్డ్ స్టార్ట్'. విస్టా నుంచీ ఉంది. మిగతా ఆటోమేటిక్ సర్వీసులు లేచాక సుమారు రెండు నిమిషాలకు దీన్ని లేపుతుంది. పనిచేస్తుంది, కాదనను. కానీ కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే ఆ రెండు నిమిషాలు ఎంతసేపో తెలుస్తుంది. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన డిస్క్) వేయించిన చోట నాకు మళ్లీ ఆ అవసరం రాలేదు.

7038 కథ వేరు. సర్వీసు ఒక యూజర్ అకౌంట్ పేరుతో నడుస్తుంటుంది, ఎవరో ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మారుస్తారు. అప్పటికే నడుస్తున్న సర్వీసుకి ఏమీ కాదు. తర్వాత పూర్తిగా బూట్ అయిన రోజు పడిపోతుంది. అప్పటికి పాస్‌వర్డ్ మార్చిన సంగతి ఎవరికీ గుర్తుండదు. ప్రాపర్టీస్‌లో 'లాగ్ ఆన్' ట్యాబ్‌కి వెళ్లి కొత్తది ఇస్తే సరి.

"నిన్న బాగానే ఉంది, ఇవాళ లేదు" అని షాపువాళ్లు అంటే నేను ముందు అడిగేది మెషీన్ ఆన్‌లో ఉండగా కరెంటు పోయిందా అని. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సర్వీసులు నిజంగా ఆగవు, విండోస్ వాటిని ఉన్న స్థితిలోనే డిస్క్‌లో దాచి మర్నాడు తిరిగి తెస్తుంది. మెషీన్ నడుస్తుండగా కరెంటు పోయినప్పుడో, అప్‌డేట్ అడిగో మరెందుకో రీస్టార్ట్ చేసినప్పుడో అసలు బూట్ జరుగుతుంది, లోపం అప్పుడే బయటపడుతుంది. అందుకే బాగుచేశాక షట్‌డౌన్ చేసి చూసి మురిసిపోకండి, రీస్టార్ట్ కొట్టి చూడండి.