డెలీరియం 'కర్మ': బాక్సులు దించాక వినే ఆల్బమ్

మాది తెనాలి దగ్గర. డీజే, లైటింగ్, సౌండ్ మా పని. రిసెప్షన్ ముగించుకుని బాక్సులు గోడౌన్‌లో దించేసరికి రాత్రి పన్నెండు దాటుతుంది. కుర్రాళ్లకు కూలీ ఇచ్చి పంపించేశాక, ఒక జత స్పీకర్ బాక్సులు మళ్లీ తగిలించి ఏదైనా పెడతాను. కాయిల్ ఏదైనా కాలితే అప్పుడే తెలియాలి, లేకపోతే మర్నాడు పెళ్లివారి ముందు పరువు పోతుంది. ఏడాదిగా అలా పెడుతున్నది ఒక్కటే ఆల్బమ్, డెలీరియం వాళ్ల 'కర్మ'.

పేరు చూసి వేదాంతం అనుకునేరు. వీళ్లది కెనడాలోని వాంకూవర్. బిల్ లీబ్, రైస్ ఫుల్బర్ అని ఇద్దరు. ఫ్రంట్ లైన్ అసెంబ్లీ అనే పేరుతో ఇనప సామాన్ల కొట్టు మీద పిడుగు పడ్డట్టుండే మ్యూజిక్ చేసింది కూడా వీళ్లే. 1997లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో మాత్రం కీబోర్డులూ బీట్లూ తాము చూసుకుని, గొంతుల కోసం బయటి గాయనులను పిలిచారు.

నేను దొడ్డిదారిన వచ్చానులెండి. 'సైలెన్స్' పాటకి డచ్ డీజే టియెస్టో చేసిన రీమిక్స్ డీజేలకు కొత్త కాదు. రీమిక్స్‌ల పుణ్యమా అని ఆ పాట 2000లో బ్రిటన్ చార్టులో 3వ స్థానానికి వెళ్లింది. నేనూ దాన్నే అసలు పాట అనుకున్నాను. ఆల్బమ్‌లోది విన్నాక సిగ్గేసింది. ఇది నింపాదిగా నడుస్తుంది. ముందు చర్చిలో పాడే లాటిన్ కీర్తన, తర్వాత బీటు, ఆ తర్వాతగానీ గాయని సారా మెక్లాక్లన్ నోరు విప్పదు. రీమిక్స్‌లో ఆమె గొంతు కాళ్లాడించడానికి ఉంది. ఇక్కడ బీటే ఆమె వెనక నడుస్తుంది.

ఎకో గురించి ఒక మాట చెప్పాలి. మా నాన్నగారు మైక్ సెట్టు వేసే రోజుల నుంచీ చూస్తున్నాను, భజన పాడేవాళ్లు ఎక్కగానే అడిగేది "ఎకో పెంచవయ్యా" అని. పెంచితే గొంతులో లోపాలు కప్పడిపోతాయి, మాట మాత్రం ముద్దయిపోతుంది. ఈ ఆల్బమ్‌లో ఎకో చెంబుతో కాదు, బిందెలతో పోశారు. అయినా సారా పాడిన ఒక్క మాట చెదరదు. పదం అయిపోయాకే ఎకో తోక సాగుతుంది, పదం మీదకి ఎక్కదు. నా మిక్సర్‌తో అలా తేవాలని మూడుసార్లు ప్రయత్నించాను, రాలేదు.

అయినా నా ఓటు 'సైలెన్స్'కి కాదు, జాకీ హంట్ పాడిన 'యుఫోరియా (ఫైర్‌ఫ్లై)'కి. ఆవిడ ఆస్ట్రేలియాలో సింగిల్ గన్ థియరీ అనే బృందంలో పాడేది. గొంతెత్తదు. పక్క మంచం మీద పడుకుని మాట్లాడుతున్నట్టు పాడుతుంది, అయినా మధ్యలో మనం లేచి వెళ్లలేం. క్రిస్టీ థర్స్క్‌వి రెండు, 'ఎన్‌చాంటెడ్', 'విజ్డమ్'. మొదటిది ఆల్బమ్‌కి తలుపు తీస్తుంది, బాగుంది. కామిల్ హెండర్సన్ పాడిన 'డువెండే' కూడా పరవాలేదు.

పేచీ ఎక్కడంటే, మొత్తం 11 ట్రాకులు, గంటకు పైనే. ఈ గాయనులు లేనిచోట ప్రార్థనల ముక్కలు, దూరదేశాల గొంతులు తిరగమోతలా వేస్తూ పోయారు. మొదట ఘుమఘుమలాడుతుంది. అన్ని కూరల్లోనూ అదే పోపు అయితే నాలుక మొద్దుబారదూ?

బాక్సులు చూసుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు. సన్నటి గొంతు పక్కనే మందపాటి బేస్ ఉంటుంది కాబట్టి ఏది చెడినా వెంటనే దొరికిపోతుంది. ఈక్వలైజర్‌లో బేస్ అదనంగా లేపకండి, గొంతు మునిగిపోతుంది. ఫోన్ స్పీకర్లో విని బాలేదంటే నేనేం చెప్పలేను.

ఫంక్షన్లలో పెట్టొచ్చా అంటే, ఒకసారి భోజనాల టైములో 'యుఫోరియా' పెట్టాను. పెళ్లికూతురి మేనమామ చెయ్యి కడుక్కుని నేరుగా నా దగ్గరికే వచ్చాడు. "ఏంటి తమ్ముడూ, ఎవరన్నా పోయారా?" అన్నాడు. వెంటనే తీన్‌మార్‌కి మార్చేశాను.

చివరి పాట ''టిల్ ది ఎండ్ ఆఫ్ టైమ్' గురించి రాయాలంటే ముందు కుదురుగా వినాలి. అది వచ్చేసరికి ప్రతిసారీ నేను షట్టర్ దించుతూ ఉంటాను.