చెరోకీ గేర్‌బాక్స్ దించే జాక్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

డాలస్ శివార్లలో మా ఇంటి గ్యారేజీలోనే నా బండి పని నేను చేసుకుంటాను. బండి 1999 జీప్ చెరోకీ. 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, ఏడబ్ల్యూ4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, దాని వెనక ఎన్‌పీ231 ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె. గేర్‌బాక్స్ ముందువైపు ఆయిల్ సీల్ కారుతుంటే దించక తప్పలేదు, అప్పుడు కొన్నాను ఈ జాక్. తర్వాత మా బావమరిది చెరోకీలో ఇంజిన్ అడుగున టకటకమని చప్పుడొస్తే, లోపలి కనెక్టింగ్ రాడ్ పోయిందని అందరూ భయపెట్టారు. తీరా గేర్‌బాక్స్ దించి చూస్తే పగిలింది ఫ్లెక్స్‌ప్లేట్, అంటే ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే పల్చటి ఇనుప పళ్లెం. 4.0 ఇంజిన్లకు ఇది పాత జబ్బే. అప్పటి నుంచి తెలిసినవాళ్లెవరి బండి గేర్‌బాక్స్ దించాలన్నా జాక్ మా ఇంటి నుంచే వెళ్తోంది.

ఇది కత్తెరలా తెరుచుకునే హైడ్రాలిక్ జాక్, నాలుగు చక్రాలది. 800 పౌండ్లు, అంటే సుమారు 360 కిలోలు మోస్తుందని దాని మీద రాసుంది. బరువు దగ్గర ఇది ఎప్పుడూ టెన్షన్ పెట్టలేదు. ఇబ్బందంతా దించడంలోనూ, వంపు సరిచేయడంలోనూ ఉంది.

ముందు దించడం సంగతి. రిలీజ్ నాబ్ కొంచెం తిప్పితే ఏమీ కాదు. ఇంకో వెంట్రుకవాసి తిప్పామా, చేద బావిలో పడ్డట్టు దిగిపోతుంది. చెరోకీకి ఇది పెద్ద చిక్కు. గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు బిగించే గంట ఆకారపు ముందు భాగం బెల్‌హౌసింగ్. దాని పైవైపు రెండు బోల్టులు ఈ12 అనే నక్షత్రం ఆకారపు తలవి, మామూలు సాకెట్ పట్టదు. గేర్‌బాక్స్‌ను కింద నుంచి మోసే అడ్డపట్టీ, క్రాస్‌మెంబర్ తీసి, గేర్‌బాక్స్ తోకను మెల్లగా కిందికి వంచి, వెనక నుంచి పొడవాటి ఎక్స్‌టెన్షన్లు కలిపి వాటిని అందుకోవాలి. అంతకంటే ముందే హౌసింగ్ పైన డ్రైవర్ వైపున్న, ఇంజిన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సర్‌ను తీసి పక్కన పెట్టాలి. అది నలిగితే బండి స్టార్ట్ కాదు. ఇలాంటి చోట జాక్ ఒక్కసారిగా దిగితే ఇంజిన్ వెనక భాగం ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడకు కొట్టుకుంటుంది. అందుకే గేర్‌బాక్స్ కింద చెక్క దిమ్మెలు పేర్చి, ఒక్కొక్కటి తీస్తూ దించుతాను. కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే ఈ మోడల్ అన్నీ అంతేనన్నారు.

ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగా తీయాలా, కలిపి దించాలా అని చాలామంది అడుగుతారు. లిఫ్ట్ ఉన్న షెడ్డులో ఎలాగైనా చేయొచ్చు. నేల మీద పడుకుని చేసేవాళ్లు మాత్రం విడిగానే తీయాలి. ముందు చక్రాలకు వెళ్లే డ్రైవ్‌షాఫ్ట్ కోసం ఎన్‌పీ231 డ్రైవర్ వైపుకి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి బరువంతా అటే లాగుతుంది. ఈ జాక్ పక్కవంపు స్క్రూలో లూజు ఉంది, ఆ లాగుడు తట్టుకోలేదు. ముందూ వెనకా వంచే స్క్రూకి మాత్రం వంక పెట్టలేం. ఇంజిన్ వాలుకి తగ్గట్టు హౌసింగ్‌ను సమంగా తేవడం దానివల్లే కుదురుతుంది.

ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ ముక్కు కాస్త పైకే ఉండాలి. కిందికి వంగితే టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే గుండ్రటి భాగం, ముందుకి జారుతుంది. కన్వర్టర్‌ను చేత్తో తిప్పుతూ లోపలికి తోస్తే మెట్లు మెట్లుగా దిగుతుంది. ఆఖరి మెట్టు గేర్‌బాక్స్ ఆయిల్ పంపులో పడేదాకా వదలకూడదు. హౌసింగ్ అంచుకు స్కేలు అడ్డంగా పెట్టి లోతు చూసుకుంటాను. అన్నీ కుదిరితే హౌసింగ్ చేతి తోపుకే ఇంజిన్‌కు ఆనుతుంది, లోపల కన్వర్టర్ ఇంకా వేలితో తిరుగుతుంటుంది. సందు మిగిలితే బోల్టులు బిగించి దగ్గరికి లాగొద్దు, పంపు పగులుతుంది. వెనక్కి లాగి మళ్లీ చూసుకోవాలి.

జాక్‌తో వచ్చిన గొలుసు ఎందుకూ పనికిరాదు, రాట్చెట్ బెల్ట్ వేసుకున్నాను. గేర్‌బాక్స్ అడుగున్న ఆయిల్ పాన్ పల్చటి రేకు, నేరుగా జాక్ పైనున్న ప్లేట్ మీద పెడితే సొట్టపడుతుంది, మధ్యలో చెక్క పలక ఉండాలి. చక్రాలు గ్యారేజీ కాంక్రీటు మీద బాగా దొర్లుతాయి. బయట వాకిట్లో పగుళ్లలో ఇరుక్కుంటాయి, ప్లైవుడ్ పరిస్తే సరిపోతుంది. ఒక చక్రం ఈమధ్యే మార్చాను. హైడ్రాలిక్ ఆయిల్ మాత్రం ఇంతవరకు చుక్క కారలేదు.

ఒకే ఒక్క బండి పనైతే ఇలాంటి జాక్ అద్దెకు తెచ్చుకోవడమే మేలు. కొనాలనుకుంటే దుకాణంలోనే పక్కవంపు స్క్రూ దగ్గర ప్లేట్‌ను పట్టుకుని ఊపి చూడండి, లూజు అక్కడే తెలిసిపోతుంది. రిలీజ్ నాబ్ గుణం మాత్రం బరువు పెడితే గానీ బయటపడదు, కాబట్టి బిల్లు పారేయకుండా మొదటి వారంలోనే బరువుపెట్టి దించి చూసుకోండి.